అర్ధరాజ్యమునకు మంత్రి: పానగల్ రాజా

విజయవాడనుండి బందరునకు పోవు బాటమీద కంకిపాడు కలదు. 1921వ సంవత్సరమున ఆ ఊరి రైతునొకనిని దేశమునకు రాజెవరని అడిగినచో, అయిదవ జార్జి చక్రవర్తి యని తడుముకొనక చెప్పియుండును. నిన్ను పరిపాలించువారెవరని అడిగినచో మాత్రము సమాధానము అంత సులువుగా వచ్చెడిది కాదు. అతని మాగాణికి కాలువనీరు వదలు శాఖ గవర్నరుది. ఆ నేలకు, ఆ నీటికి శిస్తు వసూలు చేయు శాఖయు గవర్నరుదే. పోలీసు ఠాణా, కోర్టు, చెరసాల ఆయనవే. అతని బిడ్డలు చదువుకొను బడి, జ్వరము వచ్చినచో పోవు ఆసుపత్రి, ధాన్యపు బండి నడచు రోడ్డు, సహకార సంఘము, కల్లు దుకాణము, గుడి మాన్యము, ఇవి మాత్రము మంత్రులవి. రైతొక్కడే, ఊరొక్కటే, ప్రభుత్వములు రెండు.

మన కథలలో రాజునకు సంతోషము కలిగినప్పుడు అర్ధరాజ్యమిచ్చి, కూతురినిచ్చి వివాహము చేయుట వాడుక. 1919వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము చెన్నరాజధాని ప్రజాప్రతినిధులకు ఇచ్చినది అట్టి అర్ధరాజ్యమే. కథలోని అల్లునికి తన సగములోని బొక్కసమైనను దక్కెడిది. ఇచట అదియు లేదు. ఈ విచిత్ర పరిపాలనకు ద్వంద్వ ప్రభుత్వమని పేరు. చెన్నరాజధానిలో దానిని అయిదేండ్లకు పైగా నడిపి, మంచికిని చెడ్డకును తన ముద్ర వేసిపోయిన తెలుగువాడు పానగల్ రాజా.

ఆ కాలము లోకమున రాజ్యములు తలక్రిందులైన కాలము. చీనాలో 1912లో చక్రవర్తి సింహాసనము దిగెను. రష్యాలో 1917లో జారు పోయెను. 1918లో జర్మనీ కైజరు దేశము విడిచి హాలెండు చేరెను. మరుసటి సంవత్సరము ఆ దేశము అధ్యక్షుడు గల ప్రజాప్రభుత్వముగా రాజ్యాంగము వ్రాసికొనెను. తురుష్కదేశము 1922లో సుల్తాను పదవిని రద్దుచేసి, 1923లో ముస్తఫా కెమాలును అధ్యక్షునిగా ఎన్నుకొనెను. ఈజిప్టు సంగతి మనకు మరింత దగ్గరిది. 1922లో ఆ దేశము స్వతంత్రమైనదని ఇంగ్లీషువారు ప్రకటించిరి. ఆ ప్రకటనలోనే సూడాను, దేశరక్షణ, సామ్రాజ్యపు రాకపోకల మార్గములు, విదేశీయుల రక్షణ అను నాలుగు విషయములను తమచేతిలో నిలుపుకొనిరి. నైలునది డెల్టాలో ఫువాదునకు రాజను పేరు దక్కెను. కృష్ణా డెల్టా పరిపాలకునకు మంత్రియను పేరు దక్కెను. ఇచ్చినవారు ఒకరే, ఇచ్చిన తీరును ఒకటే.

పానగల్ రాజా అసలు పేరు పానగంటి రామారాయణింగారు. 1866 జూలై 9వ తేదీన శ్రీకాళహస్తిలో ఒక వెలమ జమీందారీ కుటుంబమున జన్మించెను. చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలలోను, పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివెను. జమీందారు బిడ్డలకు చదువు అలంకారమాత్రమైన ఆ రోజులలో ఈయన సంస్కృతము అభ్యసించి పట్టభద్రుడై, న్యాయశాస్త్రము ముగించి, ఎం.ఏ. పట్టము కూడ సాధించెను. తరువాతి కాలమున బ్రాహ్మణేతర ఉద్యమమునకు నాయకుడైన ఈయనకు సంస్కృతమునందు గల అభిమానము చూచి ఆశ్చర్యపడినవారు కలరు. ఆశ్చర్యపడవలసిన పనిలేదు. ఆ భాష ఒక కులమువారి సొత్తు కాదని ఆయన జీవితమే చెప్పుచుండెను.

కాళహస్తి ఆనాడు ఉత్తరార్కాటు జిల్లాలోనిది. ఆ జిల్లాబోర్డులో ఆయన ప్రజాజీవితము ఆరంభమయ్యెను. 1912లో దక్షిణదేశపు భూస్వాముల ప్రతినిధిగా కేంద్ర శాసనమండలిలో ప్రవేశించెను. 1916 నవంబరులో డాక్టరు టి.ఎం. నాయరు, పిట్టి త్యాగరాయశెట్టి, డాక్టరు నటేశ మొదలియారు ప్రభృతులు చెన్నపట్టణమున స్థాపించిన బ్రాహ్మణేతర సంఘమున ఆయన ఆదినుండియు ఒకడు. ఆ సంఘము నడపిన ఇంగ్లీషు పత్రికను బట్టి లోకము దానిని జస్టిస్ పార్టీ యనెను. జనాభాలో నూటికి మూడు నాలుగు వంతులకు మించని బ్రాహ్మణులు పట్టభద్రులలోను, ఉద్యోగులలోను అత్యధిక సంఖ్యాకులై యుండిరనుట ఆ పక్షమువారి ప్రధానమైన ఫిర్యాదు. లెక్కలు వారికి అనుకూలముగనే యుండెను. కాని ఆ ఫిర్యాదు చేసినవారిలో జమీందారులు, వర్తకులు, వకీళ్ళు ఎక్కువ. కూలివాడు, పాలేరు తక్కువ. ఈ సంగతి తరువాత పక్షమునకు గొడ్డలిపెట్టయ్యెను.

కొత్త చట్టము ప్రకారము తొలి ఎన్నికలు 1920 నవంబరులో జరిగెను. గ్రామములలో ఏడాదికి పది రూపాయల భూమిశిస్తు కట్టువానికి ఓటు. నాలుగు కోట్లకు పైబడిన రాజధాని జనములో ఓటర్లు పన్నెండున్నర లక్షలు. గాంధీమహాత్ముని సహాయ నిరాకరణ పిలుపునుబట్టి కాంగ్రెసువారు పోటీ చేయలేదు. ఓటర్లలోను ఇంచుమించు నాలుగవ వంతు మందియే పోలింగునకు వచ్చిరి. 98 ఎన్నిక స్థానములలో 63 జస్టిస్ పక్షమునకు దక్కెను. త్యాగరాయశెట్టి పదవి వలదనగా, కడలూరు వకీలు సుబ్బరాయలు రెడ్డియారు ప్రథమమంత్రి యయ్యెను. రామారాయణింగారు స్థానిక స్వపరిపాలన మంత్రియయ్యెను. రెడ్డియారు అనారోగ్యముచే తప్పుకొనగా 1921 జూలై 11న ఆయనయే ప్రథమమంత్రి యయ్యెను. నేటి మాటలో చెప్పినచో ముఖ్యమంత్రి. ప్రభుత్వము రాజా బిరుదమిచ్చిన పిమ్మట పానగల్ రాజా యను పేరే నిలిచిపోయెను.

అది ఎట్టి సమయమో తలచుకొనవలెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై కోటి రూపాయల తిలక్ నిధి, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు అని తీర్మానించెను. గాంధీగారిని చూచుటకు చుట్టుప్రక్కల ఊళ్ళనుండి జనము తండోపతండములుగా కదలిరి. ప్రజల మనస్సు విజయవాడలో ఉండగా మంత్రుల కుర్చీలు చెన్నపట్టణమున ఉండెను. ఈ ఎడము పానగల్ రాజా పాలనలో ఎన్నడును పూడలేదు.

డబ్బు సంగతి మరియొక ఎడము. ఆదాయవ్యయముల శాఖ గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలోనిది. దానిపైన, కొత్త ఏర్పాటు క్రింద చెన్నరాజధాని ఏటా 348 లక్షల రూపాయలు కేంద్రప్రభుత్వమునకు చెల్లింపవలెనని నిర్ణయమయ్యెను. రాష్ట్రములన్నిటిలోను ఇదియే పెద్ద మొత్తము. బొంబాయి చెల్లింపవలసినది 56 లక్షలు మాత్రమే. ఈ భారము క్రమముగా తగ్గునప్పటికి పానగల్ మంత్రివర్గపు కాలము ఇంచుమించుగా ముగిసినది. బడులు పెట్టుమన్న డబ్బులేదు, ఆసుపత్రులు కట్టుమన్న డబ్బులేదు. ఒక్కొక్క మంత్రికి నెలకు అయిదువేల మూడువందల పైచిలుకు జీతము మాత్రము తప్పక ముట్టుచుండెను. 1937లో కాంగ్రెసు మంత్రులు అయిదువందలు తీసికొన్నప్పుడు జనము ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి.

ఆయన సహచరుడు, ఏలూరులో వకీలుగా పేరుపొందిన కూర్మా వెంకటరెడ్డినాయుడు అభివృద్ధిశాఖ మంత్రి. పదవి విడిచిన పిమ్మట 1924లో ముడ్డిమన్ సంఘము ఎదుట ఆయన తన మంత్రిత్వమును వర్ణించిన తీరు దేశమంతట ప్రసిద్ధమయ్యెను. అభివృద్ధి మంత్రినే కాని అడవులు నావి కావనియు, వ్యవసాయ మంత్రినే కాని నీటిపారుదల నాది కాదనియు, రైతునకు అప్పులిచ్చు చట్టములపై నాకు అధికారము లేదనియు, పరిశ్రమల మంత్రినే కాని ఫ్యాక్టరీలు, విద్యుచ్ఛక్తి, కార్మికులు నా పరిధిలోనివి కావనియు ఆయన సారాంశము. కృష్ణా డెల్టా వాసికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. నీరు లేని వ్యవసాయశాఖ ఎట్టిదో అతనికి తెలియును.

ఇట్టి స్థితిలో అధికారము అంగుళము మేర దొరికినచోట పట్టుకొని పనిచేయుట పానగల్ రాజా పద్ధతి. ఆయన పాలనలో నిలిచిన పనులను పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగును: వానిలో పెక్కు డబ్బు అక్కరలేనివి. కలముతో ఉత్తరువు వ్రాసినచో చాలును, లేదా సభలో చట్టము చేసినచో చాలును.

మొదటిది ఉద్యోగముల పంపకము. 1921 సెప్టెంబరు 16న ఒకటి, 1922 ఆగస్టు 15న ఒకటి వెలువడిన ఉత్తరువులు ప్రభుత్వోద్యోగ నియామకములలో బ్రాహ్మణేతర హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు మున్నగు వర్గములకు భాగము కల్పింపవలెనని ఆదేశించెను. వీనివలన బ్రాహ్మణ విద్యావంతులలో గాయపడినవారు అనేకులు. తెలివికి తలుపు మూసితిరని పత్రికలు దుమ్మెత్తిపోసెను. తలుపు తెరచుకొన్నవారి సంఖ్య అంతకు పదింతలనునది అవతలివారి జవాబు. వెనుకబడిన వర్గములకు ఉద్యోగములలో స్థానము కేటాయించు విధానమునకు బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో వేసిన తొలి అడుగులలో ఇది ఒకటి. స్వతంత్ర భారతమున న్యాయస్థానములవరకు, రాజ్యాంగ సవరణవరకు సాగిన వాదము ఇచటనే మొలకెత్తెను.

ఆ శాసనసభయే 1921 ఏప్రిల్‌లో స్త్రీలకు ఓటుహక్కు నిచ్చు తీర్మానమును అంగీకరించెను. బ్రిటిషు ఇండియా రాష్ట్రములలో ఇందుకు చెన్నరాజధానియే మొదటిది. 1927లో ముత్తులక్ష్మీరెడ్డి ఆ సభకు ఉపాధ్యక్షురాలగుటకు దారి ఏర్పడినది ఇట్లే. 1922లో సభ చేసిన మరియొక తీర్మానముననుసరించి ప్రభుత్వ పత్రములలో పంచములను మాట పోయి, ఆది ద్రావిడులు, ఆది ఆంధ్రులు అను పేర్లు వచ్చెను. ఆ రెండవ పేరు పుట్టినది విజయవాడలోనే. 1917 నవంబరులో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన మహాసభలో. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానముపై బాటలు, బావులు, ప్రభుత్వ స్థలములు అందరివియని ప్రభుత్వము ప్రకటించెను. ప్రకటన ఊళ్ళలో అమలు కాలేదనుట నిజము. అయినను ప్రకటనలేని నాడు బావివద్ద తరిమినవానిదే న్యాయము. ప్రకటన వచ్చినతరువాత ఆ న్యాయము ప్రశ్నింపదగినదయ్యెను.

పానగల్ రాజా స్వయముగా భుజాన వేసికొన్న పని దేవాదాయ చట్టము. గుడులకు, మఠములకు పూర్వులిచ్చిన మాన్యముల ఆదాయము ధర్మకర్తలు, మహంతులు ఇష్టము వచ్చినట్లు వాడుకొనుచుండిరి. దేవుని సొమ్ము తినరాదను సామెత ఊరూర నున్నను, తిన్నవానిని లెక్కయడుగు యంత్రము లేకుండెను. 1922లో ఆయన బిల్లు ప్రవేశపెట్టెను. గుడిలో గవర్నమెంటు ప్రవేశించుచున్నదని మఠాధిపతులు, సనాతనులు, కాంగ్రెసువారిలో కొందరు ఘోషించిరి. మతము జోలికి పోవుట లేదు, లెక్కలు మాత్రమే చూచుచున్నామని ఆయన వాదము. శాస్త్రవచనములకు శాస్త్రవచనములతోనే బదులు చెప్పగల చదువు ఆయనకు ఉండెను. బిల్లు చట్టమగుటకు 1925 వరకు పట్టెను. దాని చెల్లుబాటును గూర్చి సందేహములు లేవగా 1927లో మరల కొత్తచట్టముగ చేయవలసి వచ్చెను. నేడు ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణములోను, తమిళనాడులోను గుడి హుండీ లెక్కించు దేవాదాయశాఖలకు మూలపురుషుడు ఈ చట్టమే.

ఆ సంస్కృతమే మరియొకచోట ఉపకరించెను. ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యములు నాటువైద్యములని పెద్దడాక్టర్లు త్రోసివేయుచుండగా, వానిని పరిశీలించుటకు మహమ్మదు ఉస్మాను అధ్యక్షతన సంఘము ఏర్పడి 1923లో నివేదిక సమర్పించెను. 1925లో చెన్నపట్టణమున దేశీయ వైద్య పాఠశాల తెరువబడెను. తెలుగుదేశపు పల్లెలలో ఆయుర్వేదము పట్టా పుచ్చుకొని వైద్యము చేసిన పలువురు అచట చదివినవారే.

ఇక రెండవ వైపు. స్థానిక సంస్థలు ఆయన సొంత శాఖ. ఆ శాఖలోనే చీరాల పేరాల ఘట్టము జరిగెను. చీరాల, పేరాల గ్రామములను కలిపి మునిసిపాలిటీ చేయుట మంత్రులు రాకపూర్వమే జరిగిన పని. కాని దానిని రద్దుచేయుటకో, సడలించుటకో అధికారము మంత్రిదియే. పన్నులు పలురెట్లు పెరిగెను. నేతపనివారును, చిన్నరైతులును మునిసిపాలిటీ వలదని మొరపెట్టుకొనిరి. మంత్రి వెనుదీయలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున 1921లో వేలాది జనము ఇండ్లువాకిళ్ళు విడిచి, ఊరి పొలిమేర దాటి, రామనగరమను పేర పాకలు వేసికొని పదకొండు నెలలు ఎండకును వానకును ఓర్చిరి. గోపాలకృష్ణయ్య చెరసాలకు పోయెను. శిస్తు, పోలీసు ఇంగ్లీషువానివి, వానిపై తిరుగబడుట స్వరాజ్యమని అనుకొనుట సులభము. ఇచట ఎదుట నిలిచినది తెలుగు మంత్రి. తిరుగబడినది తెలుగు జనము. ప్రజల పేర అధికారము పుచ్చుకొన్నవాడు ప్రజల మొర వినుటలో గవర్నరుకంటె మెరుగుగా నుండవలదా యను ప్రశ్నకు పానగల్ రాజా జీవితమున సరియైన జవాబు దొరకదు. మునిసిపాలిటీలు పన్నులు వేసికొని తమ ఖర్చు తామే భరింపవలెనని ఆయన శాఖ పట్టుబట్టుటకు ఖజానాలో డబ్బులేమి కొంత కారణము. అది కారణమే కాని సమర్థన కాదు.

మరియొక మచ్చ నామినేషనులు. జిల్లా, తాలూకా బోర్డులలో కొందరిని నియమించు అధికారము మంత్రిచేతిలో నుండెను. ఇవ్వదగిన ధనములేని మంత్రికి ఇవ్వదగిన పదవులు కలవు. పక్షమును నిలుపుకొనుటకు ఆయన వానిని ధారాళముగా వాడుకొనెను. ఫలితముగా పదవి దొరకినవాడు ఒకడు, దొరకని శత్రువులు పదుగురు. పైగా 1921లో మంత్రులు ముగ్గురును తెలుగువారగుటచే అరవదేశపు జస్టిస్ నాయకులకు కన్నెఱ్ఱయ్యెను. మద్రాసు మిల్లు సమ్మె కాలమున ఆది ద్రావిడులపట్ల పక్షనాయకులు చూపిన వైఖరికి కోపించి ఎం.సి. రాజా 1923లో వెడలిపోయెను.

ఆ సంవత్సరపు ఎన్నికలలో పక్షబలము తగ్గెను. రాజా మరల ప్రథమమంత్రి యయ్యెను గాని, కొత్తసభ కూడినంతనే 1923 నవంబరు 27న అవిశ్వాస తీర్మానము చర్చకు వచ్చెను. మన దేశపు శాసనసభలలో మంత్రివర్గముపై అట్టి తీర్మానమునకు ఇదియే నాంది యందురు. దానిని ప్రతిపాదించినవాడు మరెవ్వరో కాదు, ముసలమ్మ మరణమును, కవిత్వతత్త్వ విచారమును వ్రాసిన కట్టమంచి రామలింగారెడ్డి. ఆయనయు మొదట జస్టిస్ పక్షమువాడే. పక్షము జమీందారుల కొలువుకూటమైనదని ఆయన ఆక్షేపణ. తీర్మానము 44 ఓట్లకు ఎదురుగా 65 ఓట్లు వచ్చి వీగిపోయెను. ప్రభుత్వోద్యోగులకును, నియమిత సభ్యులకును ఓటు గల సభ అది; కావున ఆ విజయమున ప్రజామోదమెంతయో తూచుట కష్టము. అయినను ఒక దేశీయమంత్రి తన పాలనకు సభలో నిలబడి సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుట ఆనాడు కొత్తసంగతి. కాలువశాఖ చూచు దొరను అట్లు నిలబెట్టుటకు ఎవరికిని శక్యము కాకుండెను.

ఈ ఇరువురి కథలో చిత్రమైన మలుపు ఇంకొకటి కలదు. ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయము కావలెనను కోరిక ఆంధ్రోద్యమముతోపాటు పుట్టినది. పానగల్ మంత్రివర్గమున విద్యామంత్రి ఎ.పి. పాత్రో తెచ్చిన బిల్లు 1926లో చట్టమయ్యెను. ఆ సంవత్సరము ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విజయవాడలో నెలకొనెను. దానికి మొదటి ఉపాధ్యక్షుడుగా నియమింపబడినది రెండున్నరయేండ్లక్రితము అదే మంత్రివర్గమును కూల్చజూచిన రామలింగారెడ్డియే. ప్రత్యర్థియైనను ఈ పనికి తగినవాడాయనయని గుర్తించినందులకు ఆ ప్రభుత్వమును మెచ్చుకొనవలెను. కేంద్రస్థానము ఎచట నుండవలెనను తగవులో విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్టణము, అనంతపురము ఒకదానితో నొకటి పోటీపడెను. 1930లో పరిషత్తు వాల్తేరునకు తరలిపోయెను. భాషనుబట్టి ఒక విద్యాసంస్థకు ఎల్లలు గీయవచ్చునని తేలినపిమ్మట రాష్ట్రమునకు ఏల గీయరాదను ప్రశ్న సహజముగనే వచ్చెను.

విశ్వవిద్యాలయము వచ్చిన సంవత్సరమే మంత్రివర్గము పోయెను. 1925లో త్యాగరాయశెట్టి మరణించగా పక్షనాయకత్వము రాజాపై పడెను. 1926 నవంబరు ఎన్నికలలో స్వరాజ్యపక్షమునకు 41 స్థానములు, జస్టిస్ పక్షమునకు 21 వచ్చెను. ద్వంద్వ ప్రభుత్వమున మంత్రిపదవులు స్వీకరింపరాదనుట స్వరాజ్యపక్ష నియమము. కావున గవర్నరు గోషెను స్వతంత్రుడైన డాక్టరు పి. సుబ్బరాయనును పిలిచెను. డిసెంబరులో పానగల్ రాజా పదవి విడిచి ప్రతిపక్షమున కూర్చుండెను. 1928లో సైమను సంఘము రాకపై తగవు వచ్చి సుబ్బరాయను మంత్రులిరువురు రాజీనామా ఇచ్చినప్పుడు రాజా పక్షము ఆ ప్రభుత్వమునకు చేయూతనిచ్చెను. దేశము నల్లజెండాలు పట్టిన సమయమున ఆయన ఈ ప్రక్క నిలిచెను. గవర్నరు చేతినుండి అధికారమును కొంచెముకొంచెముగా లాగికొనవచ్చునను నమ్మకము కడవరకు ఆయనను విడువలేదు.

1928 డిసెంబరు 16న, అరువదిరెండవ యేట, చెన్నపట్టణమున ఆయన కాలధర్మము చెందెను. పక్షమునకు మునుస్వామినాయుడు నాయకుడయ్యెను. ద్వంద్వ ప్రభుత్వము 1937 ఏప్రిల్ 1వ తేదీవరకు సాగి, అటుపిమ్మట రాష్ట్రములలో అన్ని శాఖలును మంత్రుల వశమయ్యెను. కాలువనీరు మంత్రికి అందినది అప్పుడే.

చెన్నపట్టణమున త్యాగరాయనగరము నడుమ ఆయన పేర పానగల్ పార్కు కలదు. చుట్టును పట్టుచీరల అంగళ్ళు. కృష్ణా, గుంటూరు జిల్లాలనుండి పెండ్లిబట్టలకు పోవు తెలుగువారు ఆ పార్కును గుర్తుపెట్టుకొని అంగడికి త్రోవ చెప్పుకొందురు.